తారు ఆగిన చోటిదాకా

ఆస్ట్రేలియా ఈశాన్య కొసన పగడాల సముద్రానికీ ప్రాచీన వర్షారణ్యానికీ నడుమ, కెయిర్న్స్ నుంచి కుక్‌టౌన్ వరకు ఒంటరి కారు ప్రయాణం

కెయిర్న్స్ నుంచి ఉత్తరానికి బయల్దేరి పామ్ కోవ్ మలుపు దాటగానే రోడ్డుకి చోటు చాలదు. ఎడమవైపు కొండ మీదికి వస్తుంది, కుడివైపు సముద్రం అంచుదాకా వస్తుంది. ఆ రెండూ వదిలిపెట్టిన సందులో రెండు వరుసల తారు మెలికలు తిరుగుతూ పోతుంది. మన దేశంలోలాగే అక్కడా స్టీరింగు కుడివైపే కనుక, ఉత్తరానికి నడిపేవాళ్ల పక్క కిటికీ నిండా సముద్రమే. ఎల్లిస్ బీచ్ దగ్గర కొబ్బరిచెట్ల నీడ రోడ్డు మీద పడుతుంటుంది. రెక్స్ లుకౌట్ మీద కారాపి వెనక్కి చూస్తే, వచ్చిన దారంతా ఇసుకతీరాల మధ్య దాగి, అక్కడక్కడా మాత్రమే పైకి తేలుతుంది.

దీని పేరు కెప్టెన్ కుక్ హైవే. కెయిర్న్స్ నుంచి మాస్‌మన్ వరకు సుమారు 75 కిలోమీటర్లు. 1930ల ఆర్థిక మాంద్యంలో పని పోయి, కూడు లేక వచ్చిన కూలీలు పారలూ గునపాలూ పట్టి ఈ కొండచరియను చెక్కారు. 1933లో రోడ్డు తెరిచారు. అంతకుముందు పోర్ట్ డగ్లస్‌కి కెయిర్న్స్‌తో రాకపోకలు ప్రధానంగా పడవల మీదే. ఈ రోడ్డు అందాన్ని పొగిడే ప్రతి పర్యాటక పుస్తకం ఆ కూలీల గురించి కూడా ఒక పేజీ రాయాలని నా కోరిక.

కెయిర్న్స్ నుంచి ఫోన్ చేస్తే అమ్మ ముందు అడిగింది ఇదే. "అడవిలోకి ఒక్కదానివే ఎందుకే? తోడెవరూ దొరకలేదా?" తోడు దొరక్క కాదు, వద్దనుకునే వెళ్లాను. కారులో ఇంకో మనిషి ఉంటే మాటలు ఉంటాయి, పాటలు ఉంటాయి, ఏసీ మీద తగువు ఉంటుంది. ఈ అడవిలో చూసేదానికంటే వినేది ఎక్కువ. అద్దాలు దించి, ఇంజను ఆపి, పావుగంట కదలకుండా కూర్చోవాలంటే పక్కన ఎవరూ ఉండకూడదు. ఆడవాళ్లు ఒంటరిగా దూరం నడపడమంటే మన ఇళ్లలో ఇంకా బెంగే. ఆ బెంగను నేను తేలిగ్గా తీసుకోను. అందుకే ప్రతి మజిలీలో ఎక్కడికి వెళ్తున్నానో, ఎప్పటికి చేరాలో బస యజమానికి చెప్పి బయల్దేరాను. డెయిన్‌ట్రీ నది రేవు దాటాక ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు, ఈ అలవాటే కాపు.

చెరకు

పోర్ట్ డగ్లస్‌ని నేను తొందరగా దాటేశాను. బాగుంటుంది, ఖరీదైన ఊరు, పగడపు దిబ్బలకి పడవలు అక్కడినుంచే వెళ్తాయి. కానీ మనసు పట్టుకున్నది ఆ తర్వాత వచ్చిన మాస్‌మన్. రోడ్డుకి రెండు పక్కలా చెరకు, దాని మధ్య బొమ్మ రైలు పట్టాల్లాంటి సన్నని ఇనుపదారులు, వెనక ఆకుపచ్చ కొండల గోడ. నేను వెళ్లింది సెప్టెంబరులో. చెరకు కోతల కాలం అది. అయినా పట్టాల మీద బండి లేదు. 1897 నుంచి చెరకు ఆడిన మాస్‌మన్ మిల్లు 2023 సీజనుతో ఆగిపోయింది. ఒక్క మిల్లును నమ్ముకున్న ఊరికి మిల్లు పోతే ఏమవుతుందో నిజామాబాద్ రైతుకో, ఉత్తరాంధ్ర రైతుకో విడమరిచి చెప్పక్కర్లేదు.

క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు చెరకు వెనక పెద్ద దుఃఖం ఉంది. 1863 నుంచి 1904 దాకా వనువాటు, సాలమన్ దీవుల వంటి చోట్ల నుంచి సుమారు 62,000 మందిని ఇక్కడి తోటలకు తెచ్చారు. కొందరు ఒప్పందం మీద వచ్చారు, ఎందరినో మోసంతోనో బలవంతంగానో ఓడలెక్కించారు. 1901లో ఆస్ట్రేలియా ఒక దేశంగా ఏర్పడగానే చేసిన చట్టంతో వాళ్లలో ఎక్కువమందిని తిప్పి పంపేశారు. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో చెరకు మిల్లులు నడిపిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీయే ఫిజీలోనూ చక్కెర వ్యాపారాన్ని ఏలింది. ఆ ఫిజీ తోటలకి 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడలెక్కిన గిర్మిటియా (ఒప్పంద) కూలీల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మాస్‌మన్ చెరకు పక్కన కారాపి నిలబడినప్పుడు, ఈ సముద్రానికి అవతల అదే పైరు మధ్య నడుములు విరిగిన మనవాళ్లు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు?

ఊరి పక్కనే మాస్‌మన్ గార్జ్. అక్కడ ఈ నేల ఆదివాసులైన కుకు యలంజి జనం తమ అడవిని తామే నడిచి చూపిస్తారు. ముందు ఆకుల పొగ వేసి అతిథిని ఆహ్వానిస్తారు. మాకు దారి చూపినామె ఒక ఆకు తుంచి, నీళ్లు చల్లి అరచేతుల్లో నలిపితే తెల్లటి నురగ వచ్చింది. ఇంకో చోట రంగురాయి అరగదీసి చేతి మీద గీతలు గీసింది. ఏ చెట్టు పూస్తే ఏటిలో ఏ చేప బలిసి ఉంటుందో, ఏ కాయను ఎన్నాళ్లు నీళ్లలో నానబెట్టి విషం తీసి తినాలో ఆమెకు ఇంట్లో నేర్పిన చదువు. అడవిని పేర్ల పట్టికగా కాక, వంటిల్లుగా, మందుల పెట్టెగా చూడ్డం అక్కడే మొదలుపెట్టాను. మిగతా దారంతా ఆ చూపే పనికొచ్చింది.

రేవు

డెయిన్‌ట్రీ నది మీద వంతెన లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కట్టిన ఇనుప తీగల్ని పట్టుకుని వెళ్లే పంటు ఉంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి దాటినవాళ్లకి ఇది కొత్త కాదు. కారు ఎక్కించి, ఇంజను ఆపి, నీళ్లకేసి చూస్తుండగానే అవతలి ఒడ్డు వస్తుంది. పొద్దున్నే మొదలై అర్ధరాత్రికి ఆగుతుంది. తేడా ఒక్కటే. మన గోదావరి జనం వంతెన కావాలని ఏళ్ల తరబడి అడుగుతున్నారు, అడగడం వాళ్ల హక్కు. ఇక్కడ మాత్రం వంతెన మాట వచ్చినప్పుడల్లా వద్దనేవాళ్లు గట్టిగా నిలబడ్డారు. పంటే మిగిలింది.

ఎందుకు వద్దంటారో అవతలి ఒడ్డుకి చేరాక అర్థమవుతుంది. అక్కడినుంచి కరెంటు తీగలు లేవు. ఇళ్లకీ బసలకీ సౌరఫలకాలు, బ్యాటరీలు, జనరేటర్లు. రోడ్డు ఇరుకు, చెట్లు పైన కలిసిపోయి మధ్యాహ్నం పూటే మసక. వంతెన కడితే వాహనాలు పెరుగుతాయి, వాటి వెనక తీగలు వస్తాయి, తీగల వెనక ఇళ్లు వస్తాయి. ఇది ఊహ కాదు. 1980ల మొదట్లో ఈ నదికీ కేప్ ట్రిబ్యులేషన్‌కీ మధ్యనున్న అడవిని 1,100కు పైగా ప్లాట్లుగా కోసి అమ్మకానికి పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. భూమ్మీద ఇంకెక్కడా లేని చెట్ల మధ్య హద్దురాళ్లు పాతారు. ఆ తర్వాత ప్రభుత్వాలూ స్వచ్ఛంద సంస్థలూ చందాలు పోగుచేసి ఆ ప్లాట్లను ఒక్కొక్కటే తిరిగి కొని అడవిలో కలుపుతూ వస్తున్నాయి. సంతకంతో పోయినదాన్ని చందాలతో వెనక్కి తెచ్చుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది, ఇంకా పూర్తి కాలేదు. ఆ లెక్క తెలిశాక పంటు కోసం వరుసలో ఎదురుచూడటం నాకు బరువనిపించలేదు.

గింజా, పక్షీ

వాలు వుగిరిగా లుకౌట్ దగ్గర ఆగితే నది సముద్రంలో కలిసే చోటు, మడ అడవులు, దూరాన నీలం మీద పగడపు దిబ్బల లేత చారలు కనిపిస్తాయి. అక్కడినుంచి రోడ్డు దిగి లోపలికి వెళ్తుంది. ఈ వర్షారణ్యపు వంశవృక్షం పదికోట్ల ఏళ్లకు పైబడినది. మన ఆదిలాబాద్‌లోనూ మధ్య భారతంలోనూ ఉన్న గోండుల సీమ పేరు పెట్టుకున్న గోండ్వానా అనే మహాఖండం ముక్కలు కాకముందు, ఇండియా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి ఉన్న రోజుల నాటి మొక్కల కుటుంబాలు ఇక్కడ బతికి ఉన్నాయి. ఆస్ట్రేలియా ఎండిపోతూ వచ్చిన కాలంలో, కొండలు ఆపిన మేఘాలవల్ల ఈ తీరపు ముక్క మాత్రం తడిగా మిగిలింది. మొదటి పూలు ఎలా పూసి ఉంటాయో తెలుసుకోవాలనుకునే శాస్త్రజ్ఞులు ఇక్కడికి వస్తారు.

1971లో ఇక్కడొక రైతు పశువులు ఉన్నట్టుండి చనిపోయాయి. కడుపులు కోసి చూస్తే సగం నమిలిన పెద్ద గింజలు దొరికాయి. ఎవరో విషం పెట్టారన్న అనుమానం అలా మొక్క మీదికి మళ్లింది. అది ఇడియోస్పెర్మమ్. 1902లో ఒక జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు సేకరించి వెళ్లాక అంతరించిపోయిందనుకున్న చెట్టు. మామూలు గింజలో బీజదళం ఒకటో రెండో ఉంటుంది, దీనికి మూడు, నాలుగు కూడా ఉంటాయి. పిడికిలంత గింజ. దాన్ని మోసుకెళ్లి విత్తే జంతువేదీ ఇప్పుడు లేదు. అందుకే చెట్టు కిందే పడి, వాలు ఉంటే దొర్లి, తల్లికి దగ్గర్లోనే మొలుస్తుంది. ఒక లోయ దాటడానికి దానికి ఎన్ని తరాలు పడుతుందో!

మిగతా చెట్లకి ఆ పని చేసిపెట్టేది కాసోవరీ. మనిషంత ఎత్తు, ఎగరలేని పక్షి, నల్లటి ఒళ్లు, నీలి మెడ, నెత్తిన కొమ్ము కిరీటం, లోపలి వేలికి బాకులాంటి గోరు. రెండు వందలకు పైగా మొక్కల పళ్లను మింగి, గింజల్ని చెక్కుచెదరకుండా మైళ్ల దూరంలో విడుస్తుంది. పెద్ద పళ్లను మింగగల నోరు ఈ అడవిలో దానికే ఉంది. రైపరోసా అనే ఇక్కడి చెట్టు గింజల్ని పరీక్షించినప్పుడు, పక్షి మింగనివి నూటికి నాలుగు మొలిస్తే, దాని కడుపులోంచి బయటికి వచ్చినవి నూటికి 92 మొలిచాయి. ఈ లెక్క నేను ఎంతమందికి చెప్పానో. ఆ పక్షి లేకపోతే ఆ చెట్టు భవిష్యత్తు ఏమిటో ఆ రెండు అంకెలే చెబుతాయి.

కౌ బే దాటాక ఒక మలుపులో అది రోడ్డు మీదికి వచ్చింది. వెనక చారల ఒళ్లున్న మూడు పిల్లలు. పిల్లలతో ఉందంటే అది తండ్రే. తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, సుమారు యాభై రోజులు పొదిగేదీ, ఆ తర్వాత నెలల తరబడి వెంటేసుకుని తిప్పేదీ తండ్రే. నేను బ్రేకు వేసి ఇంజను ఆపేశాను. అతను ముందుకు రెండడుగులు వేసి కారుని పరీక్షగా చూశాడు. పిల్లలు ఒక్కొక్కటే దాటాయి. మూడోది మధ్యలో ఆగి తారు మీద ఏదో పొడిచింది. అతను ఆగాడు. నేను ఆగాను. వెనక వచ్చిన వ్యానూ ఆగింది, హారన్ మోగలేదు. ఈ పక్షులు చనిపోతున్న ముఖ్య కారణాల్లో వాహనాలు ఒకటి, కుక్కలు ఇంకొకటి. దారి పొడుగునా పసుపు బోర్డులు వేగం తగ్గించమని చెబుతూనే ఉంటాయి. వాటిని అలంకారం అనుకుని దూసుకుపోయే కార్లను చూసి నాకు ఒళ్లు మండింది. సెలవుల్లో వచ్చిన మనిషికి ఎక్కడికి అంత తొందర?

జిందల్బా దగ్గరా, మార్జా దగ్గరా చెక్క బాటల మీద నడవచ్చు. విసనకర్ర ఆకుల తాటిజాతి చెట్లు, పాదుల్లాంటి వేళ్లు, ఆ తర్వాత ఒక్కసారిగా మడ చెట్ల ఉప్పు వాసన. బాట దిగకూడదు. గింపీ-గింపీ అనే గుండె ఆకారపు ఆకుల మొక్క ముట్టుకుంటే కంటికి కనబడని గాజు ముళ్లు దిగి, నెప్పి నెలల తరబడి తిరగబెడుతుంది. ప్రతి వాగు దగ్గరా ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక ఉంటుంది. నీటి అంచున కూర్చోకూడదు, చేపలు శుభ్రం చేయకూడదు, నిన్న నిలబడ్డ చోటే ఇవాళా నిలబడకూడదు. తీరాల్లో స్తంభాలకి వెనిగర్ సీసాలు కట్టి ఉంటాయి. నవంబరు నుంచి మే దాకా ఈ నీళ్లలో తిరిగే బాక్స్ జెల్లీఫిష్ కుడితే వెంటనే పోయడానికి. ఇంత అందమైన సముద్రంలో కాళ్లు తడుపుకోవడానికి కూడా ఆలోచించాలి. నాకు అది లోటనిపించలేదు. మనిషి సౌకర్యం కోసం సర్దుకోని చోటు భూమ్మీద ఇంకా ఉండటం నాకు ధైర్యాన్నిచ్చింది.

మెడదాకా మట్టిలో

కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర అడవి ఇసుకలోకి దిగిపోతుంది. కొమ్మల నీడ అలల మీద పడుతుంది, ఆ అలల అడుగున పగడాలు మొదలవుతాయి. 1981లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గ్రేట్ బ్యారియర్ రీఫ్, 1988లో ఎక్కిన వెట్ ట్రాపిక్స్ అడవులు ఇక్కడ ఒకదాన్నొకటి తాకుతాయి. ఈ చోటికి కుకు యలంజి పేరు కుల్కి.

ఇంకాస్త ముందుకు పోతే తారు అయిపోతుంది. ఎమాజెన్ వాగు అవతల బ్లూమ్‌ఫీల్డ్ బాట, ఎర్రమట్టి, నిటారు ఎత్తులు, వంతెనలు లేని వాగులు. ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లు మాత్రమే పోగలవు. నా అద్దె కారు ఒప్పందంలో దానికి అనుమతి లేదు, నేను పోలేదు.

1983 డిసెంబరులో ఈ బాట కోసం బుల్డోజర్లు వచ్చినప్పుడు జనం అడ్డుపడ్డారు. చెట్లెక్కి కూర్చున్నారు. గొలుసులతో తమను తాము కట్టేసుకున్నారు. కొందరు బుల్డోజర్ల దారిలో గోతులు తవ్వుకుని మెడదాకా మట్టిలో పూడ్చుకున్నారు. పోలీసులు వాళ్లను తవ్వి తీసి అరెస్టు చేశారు. వాన పడితే కోసిన కొండమట్టి నేరుగా పగడాల మీదికి కొట్టుకుపోతుందని వాళ్ల మొర. రోడ్డు ఆగలేదు, 1984లో పూర్తయింది. ఆ పోరాటం ఓడిపోయిందని ఆనాడు అందరూ అనుకుని ఉంటారు. కానీ మట్టిలోంచి బయటికొచ్చిన ఆ తలల బొమ్మలు దేశమంతా చూసింది. ఈ అడవికి ప్రపంచ వారసత్వ హోదా కోసం ఫెడరల్ ప్రభుత్వం ముందుకు కదిలింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం వ్యతిరేకించింది, కోర్టుకెక్కింది. అయినా 1988లో దాదాపు 9,000 చదరపు కిలోమీటర్ల అడవి జాబితాలో చేరింది, అందులో కలప నరకడం ఆగింది. రోడ్డు పడింది కానీ చాలావరకు తారు పడలేదు. ఆ గోతుల్లో నిలబడ్డవాళ్లే లేకపోతే నేను చూసిన తండ్రి కాసోవరీకి దాటడానికి అటూ ఇటూ అడవి ఉండేదా అని నా సందేహం.

రోడ్డు ఎంత పెళుసో 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను చూపించింది. 13న వుజల్ వుజల్ దగ్గర తీరం దాటింది. గాలి పెద్దది కాదు. దాటాక కదలకుండా కూర్చుని రోజుల తరబడి కురిసింది. కొన్నిచోట్ల ఆ కొద్ది రోజుల్లోనే రెండు మీటర్లకు పైగా వాన. వుజల్ వుజల్ ఊరు మొత్తాన్నీ హెలికాప్టర్లలో తరలించారు, జనం నెలల తర్వాత గానీ తిరిగి రాలేకపోయారు. 1933 నాటి తీరపు రోడ్డు కొండచరియల కింద పడి వారాల పాటు మూతపడింది. నేను వెళ్లేసరికీ కొండల మీద గాట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తుపాను వెళ్లిపోయాక పేపర్లు కూడా వెళ్లిపోతాయని దివిసీమ ఉప్పెన నుంచి మనకు తెలుసు. అందుకే ఇక్కడికి వచ్చేవాళ్లు ఒక పూట ఎక్కువ ఉండి, ఇక్కడి వాళ్ల దగ్గరే తిని, కొని వెళ్లాలని అడుగుతాను.

విరిగిన ఈటె

తిరిగి పంటు దాటి, లోతట్టు దారి పట్టుకున్నాను. మౌంట్ మొలోయ్, లేక్‌లాండ్ మీదుగా కుక్‌టౌన్‌కి తారు రోడ్డే. కొండకి అవతలివైపు తిరగగానే అడవి మాయం. యూకలిప్టస్ చెట్లు, పొడిగడ్డి, నిలువెత్తు చెదపుట్టలు. వానకి ఒక్క కొండ ఎంత తేడా చేస్తుందో గంటలో కళ్లకు కడుతుంది. ఊరికి ముందు కల్కజక, నల్లటి బండరాళ్లు కుప్పపోసిన కొండ. ఒక కప్ప, ఒక నలికిరి, ఒక గెక్కో బల్లి ఈ రాళ్లలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. ఇది స్థానికులకు పవిత్రం, ఎక్కరు. రోడ్డు పక్కనే నిలబడి చూసి వెళ్లాలి.

1770 జూన్ 11 రాత్రి కెప్టెన్ కుక్ ఓడ ఎండీవర్ పగడపు దిబ్బకి కొట్టుకుంది. కేప్ ట్రిబ్యులేషన్‌కి, అంటే కష్టాల కొసకి, ఆ పేరు పెట్టింది అందుకే. చిల్లుపడ్డ ఓడని కుక్‌టౌన్ దగ్గరి నదిలోకి తెచ్చి ఏడు వారాలు బాగుచేసుకున్నారు. ఇది గూగు యిమితిర్ జనం నేల. కంగారూ అనే మాట వాళ్ల నోట విని రాసుకున్నది ఇక్కడే. జూలైలో ఓడవాళ్లు తాబేళ్లు పట్టి డెక్కు మీద వేసుకున్నారు. చూసిన స్థానికులు తమ వాటా ఒకటైనా ఇమ్మన్నారు. ఇవ్వలేదు. వాళ్లు కోపంతో ఒడ్డున గడ్డికి నిప్పు పెట్టారు. కుక్ తుపాకీ పేల్చాడు, ఒకరికి గాయమైంది. ఆ తర్వాత ఒక వృద్ధుడు మొన విరిచిన ఈటె పట్టుకుని ముందుకు వచ్చాడు, సంధి కుదిరింది. కుక్ తన దినచర్యలో ఇది రాసుకున్నాడు. ఆ సంధి జరిగిన రాళ్ల చోటు ఊళ్లోనే ఉంది. నేను అక్కడ చాలాసేపు ఉన్నాను. తన నేలలో తన వాటా అడిగి, తుపాకీ దెబ్బ తిన్న పక్షం నుంచే సంధికి వచ్చిన మనిషి ఆయన.

పొరుగు జనమైన తూర్పు కుకు యలంజి వాళ్లకి 2021 సెప్టెంబరు 29న డెయిన్‌ట్రీ నేషనల్ పార్కుతో పాటు కల్కజకనూ, మరికొన్ని పార్కుల్నీ తిరిగి అప్పగించారు. అన్నీ కలిపి 1,60,000 హెక్టార్లకు పైనే. ప్రస్తుతానికి ప్రభుత్వంతో కలిసి నడుపుతున్నారు, పూర్తిగా తామే చూసుకునే రోజు కోసం తమ యువతను రేంజర్లుగా తయారు చేసుకుంటున్నారు. వంతెన మాట ఇంకోసారి వచ్చినా, కేప్ ట్రిబ్యులేషన్ దాకా వచ్చిన తారును ముందుకు తోయాలని ఎవరన్నా, ఈసారి ఎవరూ గోతుల్లోకి దిగక్కర్లేదు. అడగాల్సింది వాళ్లనే.